పొదుగు వాపుకు రెండు సూదులా, అల్లుడూ?

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. మీ గేదెకు వెనక కుడి చన్ను గట్టిపడి ఎర్రబారింది, గ్లాసులో పాలు విరిగి తరకలు కట్టాయి. పొద్దున పెన్సిలిన్ వేయించి, తగ్గలేదని సాయంత్రం టెట్రాసైక్లిన్ కూడా వేయించావట. రెండూ కలిస్తే బలం రెట్టింపవుతుంది కదా మామయ్యా అని అడిగావు.

కాదు. సూక్ష్మజీవి పెరుగుతూ తన చుట్టూ గోడ కట్టుకునేటప్పుడు ఆ గోడను కూల్చే పని పెన్సిలిన్‌ది. టెట్రాసైక్లిన్ సూక్ష్మజీవిని చంపదు, పెరగకుండా ఆపుతుంది. మేస్త్రీని నిద్రపుచ్చాక కట్టే గోడ ఎక్కడిది, కూల్చడానికి? పశువుల ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను. ఉదయగిరి వైపు ఒక ముసలమ్మకు ఉన్నది ఒక్కటే గేదె. నేను సూదులు మార్చి మార్చి వేశాను. ఆ చన్ను మరుసటి ఈతకు కూడా చుక్క పాలివ్వలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, మజ్జిగ ఇచ్చి పంపింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

కలిసి పనిచేసే జతలు వేరే ఉన్నాయి. పెన్సిలిన్ గోడకు కన్నం పెడితే స్ట్రెప్టోమైసిన్ అందులోంచి లోపలికి దూరుతుంది. అది పాత జత. కొన్ని సూక్ష్మజీవులు పెన్సిలిన్ జాతి మందులను ముక్కలు చేసేస్తాయి. అలాంటి చోట అమాక్సిసిలిన్‌కు క్లావులానిక్ ఆమ్లం, సెఫ్ట్రియాక్సోన్‌కు టాజోబాక్టమ్ కాపలా కాస్తాయి. వీటిని కంపెనీవాళ్ళే కలిపి సీసాలో ఇస్తారు. నువ్వు మాత్రం ఒక సిరంజిలో రెండు మందులు ఎప్పుడూ కలపవద్దు. పెన్సిలిన్, జెంటామైసిన్ విడివిడిగా వేస్తే ఒంట్లో ఒకదానికొకటి సాయపడతాయి, ఒకే సిరంజిలో కలిపితే జెంటామైసిన్ బలం పోతుంది. ఈనిన గేదెకు కాల్షియం ఎక్కిస్తున్నారా? ఆ సీసాలో సెఫ్ట్రియాక్సోన్ పడకూడదు, తెల్లగా గడ్డకడుతుంది.

ఏ జత కావాలో నేను ఇక్కడ కూర్చుని చెప్పను, నువ్వూ మందుల షాపులో అడగవద్దు. పాలు చెప్పాలి. అసలు మొదటి సూదికి ముందే నమూనా తీయాల్సింది. ఇప్పుడైనా చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు పారబోసి, తర్వాతి ధారను శుభ్రమైన సీసాలో పట్టు. ఐస్‌లో పెట్టి, కావలిలో మీ డాక్టరుగారి ద్వారా ల్యాబుకు పంపు. ఏ సూదులు ఎప్పుడు పడ్డాయో చీటీ మీద రాయి, లేకపోతే సూక్ష్మజీవి పెరగకపోవడం చూసి జబ్బే లేదనుకుంటారు.

ఈలోగా ఆ చన్నులో చెడిన పాలు నిలవ ఉంచవద్దు. పూటకు రెండు మూడు సార్లు పిండెయ్యి. పాలు నిండిన చన్నులోకి ట్యూబు మందు ఎక్కిస్తే నీళ్ళకుండలో ఉప్పురాయి వేసినట్టే. ట్యూబు మొన కొసంతే లోపలికి పోవాలి. గేదె ఒళ్ళు చల్లబడి, మేత మాని, పాలు నీళ్ళలా వస్తే మాత్రం నమూనా సంగతి తర్వాత, వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోను చెయ్యి.

మందు పడ్డ గేదె పాలు నాలుగు చన్నులవీ డాక్టరు చెప్పినన్ని రోజులు పాల కేంద్రానికి పోయకు. దూడకూ పట్టకు. మీ అత్తయ్య ఒకసారి తెలియక అలాంటి పాలు తోడుపెట్టింది, తెల్లారినా పెరుగు కాలేదు.

ఇంకొకటి, నువ్వు బొటనవేలు మడిచి పితకడం సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. మానెయ్యి, చన్ను లోపల నలిగిపోతుంది. పితికాక చనుమొనలకు అయోడిన్ మందు పట్టించి, ముందు పచ్చిగడ్డి వెయ్యి. అరగంట నిలబడి మేస్తే ఆలోపు చనురంధ్రం మూసుకుంటుంది. ఇప్పుడు మీ గేదె పితికిన మరుక్షణం పేడలో పడుకుంటోంది.

ల్యాబు కాగితం రాగానే ఫొటో తీసి పంపు. రాత్రి పది దాటినా ఫర్వాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య