ఆ ప్లేటు పారేయకు తల్లీ

చిరంజీవి స్వాతికి,

అత్తయ్య ఆశీస్సులు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినదానివి బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీకి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పొంగిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. కంప్యూటర్ ముందు కూర్చుని, కణాన్ని కళ్లతో చూడకుండానే ఐదేళ్లూ గడిపేస్తావేమోనని.

హాస్టల్, ఫెలోషిప్ సంగతి మీ నాన్న చూసుకుంటాడు. గైడ్‌ను ఎంచుకునే ముందు సీనియర్లను కనుక్కో.

ఇక అసలు విషయం. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. ఇ.కోలై అనే బ్యాక్టీరియాను వేర్వేరు గొట్టాల్లో పెంచి, దాన్ని చంపే ఫేజ్ అనే వైరస్ పూసిన ప్లేట్ల మీద పరిచి, బతికిన కాలనీలు, అంటే ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపులు, లెక్కపెట్టేవాడు. చాలా ప్లేట్లలో ఒకటో రెండో, కొన్నిట్లో సున్నా, ఒకదాంట్లో మాత్రం వందకు పైనే. కంటామినేషన్, అంటే బయటి సూక్ష్మజీవి ఏదో చేరిందనుకుని దాన్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పడేసి, మిగతావాటికి సగటు కట్టాడు. ఒక కాలనీ తీసి అది ఇ.కోలైనో కాదో పరీక్షించి చూస్తే తేలిపోయేది కదా! చూడలేదు.

1943లో లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేపర్ నిలబడిందే అలాంటి ప్లేట్ల మీద. వైరస్ తగిలాకే నిరోధకత పుడితే కాలనీల లెక్క పాయిజాన్ పద్ధతిలో (అరుదైన యాదృచ్ఛిక ఘటనల లెక్కలా) రావాలి, వేరియన్స్, అంటే అంకెల చెదురుదల కొలత, సగటుకు సమానంగా ఉండాలి. వాళ్లకు ఎన్నో రెట్లు ఎక్కువొచ్చింది. వైరస్ రాకముందే, తొలి తరాల్లోనే దాన్ని తట్టుకునే మ్యుటేషన్ (జన్యు మార్పు) జరిగిన గొట్టంలో దాని సంతానమంతా బతికింది. ఆ డెల్‌బ్రుక్ కూడా నీలాగే ఫిజిక్స్ నుంచి వచ్చినవాడే!

నువ్వు చదువుకున్న గ్యాస్‌లో 10²³ అణువులుంటాయి, హెచ్చుతగ్గులు కనబడవు. ఇ.కోలై కణంలో లాక్ రిప్రెసర్లు (కొన్ని జన్యువులను ఆపి ఉంచే ప్రొటీన్లు) పదికి అటూ ఇటూ. పదికి వర్గమూలం కట్టి చూడు, దాదాపు మూడో వంతు తేడా మామూలుగానే వస్తుంది. సగటు ఒక్కటే రాసుకుంటే ఆ కణం సంగతి ఏం తెలుస్తుంది? ప్రతి ప్లేటు అంకె నోట్‌బుక్‌లో ఎక్కించు, నచ్చనిది ముందు ఎక్కించు.

మొదటి ఏడాది పిపెట్ నువ్వే పట్టుకో. ఎవరో ఇచ్చిన ఎక్సెల్ షీటుకు మోడల్ కట్టావని విన్నానంటే ఊరుకోను. ప్లేటు మీద బ్యాక్టీరియాను పరిచే స్ప్రెడర్ కడ్డీని కాల్చేటప్పుడు ఎథనాల్ బీకరు మంటకు దూరంగా పెట్టు, జుట్టు ముడేసుకో. కాలిన చేతులు చూశాను నేను. రాత్రి పొద్దుపోతే ఒక్కదానివే ల్యాబ్ నుంచి నడిచి రాకు, ఎవరినైనా తోడు తెచ్చుకో.

మొదటి ప్లేట్లు లెక్కపెట్టగానే ఆ అంకెలు నాకు పంపు.

మీ అత్తయ్య