అక్టోబరు 1 ప్రోగ్రాం గురించి మా చిట్టితల్లికి

వెస్ట్ మాంబలం, చెన్నై

చిట్టితల్లికి బాబాయి ఆశీస్సులు.

మీ ఫ్లాట్స్‌లో ఉన్న తెలుగువాళ్లందరినీ పోగేసి అక్టోబరు 1న ప్రోగ్రాం పెడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. ఒకే తేదీన పుట్టిన కళాకారులను ఒకే సాయంత్రం తలుచుకోవడమట. అల్లు రామలింగయ్య, శివాజీ గణేశన్, హిందీ సినిమా సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్. వినగానే ఎంత సంబరమేసిందో చెప్పలేను. మన ఇంట్లో ఇంకొకరికి స్టేజీ పిచ్చి పట్టిందన్నమాట. ఆ తర్వాత వాట్సాప్‌లో నీ పోస్టరు చూశాను. రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అని, మీటింగుందంటూ పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తాపీగా చదువు.

ముందు తిట్లు. ఎస్.డి. బర్మన్ అని పేరు వేసి ఆర్.డి. బర్మన్ ఫొటో పెట్టావేమే? కళ్లజోడు చూసి పొరబడ్డావా? కళ్లజోడు ఇద్దరికీ ఉంటుంది. ఎస్.డి. తండ్రి, ఆర్.డి. కొడుకు. తండ్రి పుట్టింది 1906 అక్టోబరు 1న, కొడుకు పుట్టింది 1939 జూన్ 27న. ముందు ఆ ఫొటో తీసెయ్. తెల్ల లాల్చీ వేసుకున్న పెద్దాయన ఫొటో వెతుకు. ఇక శివాజీ గారి ముఖం పోస్టరు నిండా ఉంది, అల్లు వారు మాత్రం ఒక మూల పోస్టల్ స్టాంపంత ఉన్నారు. దాని సంగతి కిందికి వస్తాను. నా నిద్ర చెడగొట్టింది అదే.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. దసరా దగ్గర్లో పడుతుంది కాబట్టి మైక్ సెట్టు వాడికి ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వు. రాత్రి పదికల్లా స్పీకర్లు ఆపెయ్యాలి. టికెట్ పెట్టే ఆలోచనుంటే ఐపీఆర్ఎస్ లైసెన్స్ సంగతి కనుక్కో, పాటలు కట్టినవాళ్ల, రాసినవాళ్ల హక్కులు చూసే సంస్థ అది. అనుమతి లేకుండా తన పాటలు స్టేజీ మీద పాడొద్దని బాలు గారంతటి వారికే 2017లో ఇళయరాజా గారి లాయరు నుంచి నోటీసు వచ్చింది. ముఖ్య అతిథి వద్దు. తప్పదంటే దండ వేసి కూర్చోబెట్టు, మైకు మాత్రం ఇవ్వకు.

తేదీల విషయంలో జాగ్రత్త. పాతతరం వాళ్ల పుట్టినరోజులు చాలావాటికి బడిలో మేష్టారు రాసుకున్నదే ఆధారం. సావిత్రి గారు పుట్టిన సంవత్సరం ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. ఇళయరాజా గారి సంగతే చూడు. ఆయన పుట్టింది జూన్ 3న. అదే రోజు కరుణానిధి గారి పుట్టినరోజు. ఆయన రోజు ఆయనకే ఉండాలని ఈయన తన పుట్టినరోజు జూన్ 2కి జరుపుకున్నారు. ఆ జూన్ 2 మణిరత్నం పుట్టినరోజు. ఒకరికి దారిచ్చి ఇంకొకరి పక్కకు చేరారన్నమాట. ఇలాంటివి తెలియకుండా మైకులో తేదీ చదివితే ముందు వరసలో కూర్చున్న ఏ తమిళ తాతో లేచి సరిదిద్దుతాడు. మన ఊళ్లో ఆ తాతలకు కొదవలేదు.

నువ్వు వదిలేసినవాడు ఇంకొకడున్నాడు. హిందీ పాటల రచయిత మజ్రూహ్ సుల్తాన్‌పురి. 1919లో ఇదే అక్టోబరు 1న పుట్టాడు. బర్మన్ దాదా బాణీలకు ఎన్ని పాటలు రాశాడో! ట్యూన్ కట్టినవాడూ మాట రాసినవాడూ ఒకే తేదీన పుట్టడం మన మద్రాసులోనూ జరిగింది. పాటల కవి కన్నదాసన్ 1927 జూన్ 24న, సంగీత దర్శకుడు ఎం.ఎస్. విశ్వనాథన్ ఆ మరుసటి ఏడు అదే జూన్ 24న. ఆ ఇద్దరి పేర్లు విడదీసి తమిళుడెవడూ చెప్పడు. హిందీ పాటకొచ్చేసరికి మాత్రం మనవాళ్లు "బర్మన్ పాట" అనేసి ఊరుకుంటారు. నువ్వలా చెయ్యకు. పాటపాటకీ ముందు ఇద్దరి పేర్లూ చెప్పాలి. ఇంకో తమాషా విను. మజ్రూహ్ పాటల్లోకి రాకముందు యునానీ వైద్యం చదివిన హకీం. మన అల్లు వారు హోమియో మందులిచ్చేవారు. ఒకే తేదీన పుట్టి, ఒకడు పాట రాశాడు, ఒకడు నవ్వించాడు, ఇద్దరూ నాడి చూశారు. యాంకరింగ్ చేసే పిల్లకు ఈ ముక్క ఇవ్వు, హాలు దద్దరిల్లుతుంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకిది చెప్పి ఉండడు. మీ అమ్మకూ సగమే తెలుసు.

ఎనభైల చివర్లో టి.నగర్‌లో ఒక హాల్లో, ఇదే అక్టోబరు 1న, ఇలాంటి ప్రోగ్రామే జరిగింది. నీ ఆలోచన నీకంటే ముందే ఒకరికి వచ్చింది, ఏమనుకోకు. నడిపింది మన తెలుగువాళ్ల సంఘమే. పేరు రాయను. సెక్రటరీ మంచివాడే, సొంత డబ్బు పెట్టుకున్నాడు. నేను ఆర్కెస్ట్రాలో తబలా. మీ నాన్న ఆ రోజుల్లో అల్లు రామలింగయ్య గారిని అచ్చుగుద్దినట్టు దించేవాడు. గొంతు ఒక్కటే కాదు. ఆ మెడ తిప్పడం, నడుం మీద చెయ్యి పెట్టి పక్కకి జరగడం, "ఆమ్యామ్యా" అంటూ నవ్వీ నవ్వకుండా ఆపుకోవడం, అన్నీ. ఆఫీసు నుంచి రాగానే మేడ మీద గొడుగు పట్టుకుని ప్రాక్టీసు చేసేవాడు. కింద వాటాలో అరవ మామి భాష అర్థం కాకపోయినా పకపకా నవ్వేది.

స్టేజీ పక్కన అట్టముక్క మీద ఐటమ్స్ వరస రాసి మేకుకు తగిలించారు. మీ నాన్నది అన్నిటికంటే కింద. సెక్రటరీ లెక్కేమిటంటే, శివాజీ డైలాగులు మధ్యలో పడితే జనం లేచిపోరు, చివర్లో కామెడీతో నవ్విస్తూ పంపిద్దామని. వినడానికి బాగానే ఉంది కదా? శివాజీ గారి డైలాగులు చెప్పడానికి ఒక తమిళ కుర్రాడు వచ్చాడు. గొప్పగా చేశాడు, అబద్ధం చెప్పను. హాల్లో సగం మంది తమిళులే. ఈలలు, వన్స్ మోర్. ఇంకో డైలాగు. మళ్లీ వన్స్ మోర్. ఒకాయన స్టేజీ ఎక్కి వాడికి నోటు గుచ్చాడు. దాంతో మరో ఇద్దరు ఎక్కారు. తొమ్మిదికి హాలు ఖాళీ చెయ్యాలి. నేను తబలా ముందు కూర్చుని పక్క తెర సందులోంచి చూస్తున్నాను. మీ నాన్న పంచె కట్టి, కాటుకతో మీసం దిద్దుకుని, గొడుగు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ముఖం మీద పాన్‌కేక్ మేకప్ చెమటకు చారలు కట్టింది. ప్రతి చప్పట్లకూ ఒక అడుగు ముందుకు వేస్తాడు, మళ్లీ వెనక్కి. చివరికి సెక్రటరీ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పి, మాకు మంగళం పాడమని సైగ చేశాడు.

మీ నాన్న ఒక్క మాట అనలేదు. ఆ వేషంతోనే మైకు వైర్లు చుట్టడానికి సాయం చేశాడు. బస్సులో కండక్టరు ఆ కాటుక మీసం చూసి నవ్వాడు. ఆ రాత్రి మీ నాన్నను చూసి నవ్వింది ఆయనొక్కడే.

ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్లలేదు. నీ చిన్నప్పుడు వాష్‌బేసిన్ దగ్గర గడ్డం గీసుకుంటూ చేసేవాడు, నువ్వు బ్రష్ నోట్లో పెట్టుకుని నవ్వేదానివి. గుర్తుందో లేదో.

టైమ్ చాలక అలా జరిగిందని నువ్వనుకోవచ్చు. ఆ రోజు అందరూ అదే అన్నారు. కాదు. తప్పంతా ఆ అట్టముక్క మీద వరసలో ఉంది. చిన్న పేరున్నవాడిని చివర్లో పెడితే, ముందువాళ్లు ఎక్కువ తీసుకున్న ప్రతి నిమిషం ఆయన జేబులోంచే పోతుంది. పెద్ద పేరున్నవాడికి ఆ భయం లేదు. శివాజీ గారిని రాత్రి తొమ్మిదింటికి పెట్టినా జనం ఉంటారు, ఆయన కోసమే ఉంటారు. కాబట్టి నీ ప్రోగ్రాంలో మొదటి ఐటమ్ అల్లు వారిది. ప్రార్థన అవ్వగానే. దాన్ని ఎవరు కదిలించమన్నా కదిలించకు, మీ అసోసియేషన్ ప్రెసిడెంటు కూతురి డాన్సు ముందు ఉండాలన్నా సరే. పోస్టరులో కూడా ముగ్గురివీ ఒకే సైజు.

నిజానికి ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడు. ఇద్దరూ నాటకాల నుంచి వచ్చినవాళ్లే. విల్లుపురంలో పుట్టిన శివాజీ గారి మొదటి సినిమా 1952లో వచ్చింది. పాలకొల్లులో పుట్టిన అల్లు వారి మొదటి సినిమా, గరికపాటి రాజారావు గారు తీసింది, 1953లో. ఒక్క ఏడాది తేడాతో ఇద్దరూ తెర మీదికొచ్చారు. శివాజీ కంటే అల్లు వారు ఆరేళ్లు పెద్ద. అంతకుముందే క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లొచ్చిన మనిషి. ఒకాయన తెర మధ్యలో నిలబడ్డాడు, ఇంకొకాయన వెయ్యికి పైగా సినిమాల్లో పక్కన నిలబడ్డాడు. పక్కన నిలబడి నవ్వించడం తేలికనుకుంటారు. మీ యాంకర్ పిల్లను ఇదొక్కటే చెప్పమను, ఇంక ఉపన్యాసం అక్కర్లేదు.

శివాజీ గారిని తగ్గించమని కాదు సుమా. ఆయనంటే నాకు ప్రాణం. అన్నాసాలైలో వాళ్ల శాంతి థియేటరు క్యూలో ఎన్ని గంటలు నిలబడ్డానో. డైలాగులు తమిళంలోనే చెప్పించు, మీ ఫ్లాట్స్ తమిళులందరినీ పిలువు. ఒక్క డైలాగు మాత్రం తెలుగులో చెప్పించు, చెప్పేముందు జగ్గయ్య గారిని తలుచుకో. తెలుగు తెర మీద శివాజీ గొంతు ఆయనదే కదా. ఆ రోజు పొద్దున ఆఫీసుకు వెళ్తూ అడయారులో శివాజీ స్మారక మణిమండపం దగ్గర ఆగు. 2017లో అక్టోబరు 1నే దాన్ని తెరిచారు. అంతకుముందు బీచ్ రోడ్డులో ఉన్న విగ్రహమే ఇప్పుడు అక్కడుంది. ఒక దండ వేసి వెళ్లు. ఫొటో తీసి సాయంత్రం స్క్రీన్ మీద వెయ్యి.

బర్మన్ పాటలకు తబలా ఎవరు? మీ ఆఫీసు కుర్రాడని విన్నాను. చెయ్యి బాగుందట గానీ, వీడియోలో చూస్తే ప్రతి ఖాళీలోనూ ఒక ముక్తాయింపు దూరుస్తున్నాడు. త్రిపుర రాజవంశంలో పుట్టి, పడవవాళ్ల పాటల్లోంచి బాణీలు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆ పాటలో ఖాళీ ఖాళీగానే ఉండాలి. ఆ కుర్రాణ్ణి ఒక ఆదివారం నా దగ్గరికి పంపు, తిట్టనులే. ఇంకోటి, మీ కమ్యూనిటీ హాలు ఏసీ. బయట చెమ్మలోంచి తెచ్చిన తబలా ఏసీలో పెడితే చర్మం బిగిసి శ్రుతి పైకెక్కుతుంది. ఇంటి దగ్గర శ్రుతి చేసుకొస్తే లాభం లేదు. రెండు గంటల ముందే హాల్లో ఏసీ వేయించి, తబలాను గుడ్డ తీసి అక్కడ పెట్టి ఉంచాలి. సుత్తితో శ్రుతి చెయ్యడం ఆ తర్వాత.

మీ నాన్నను వేషం వెయ్యమని అడగకు. అడిగితే "ఈ వయసులో నాకెందుకే" అంటాడు, ఆ మాట అన్నాక మళ్లీ వెనక్కి తీసుకోలేడు. మా అన్నయ్య సంగతి నాకు తెలుసు. మొదటి ఐటమ్ అల్లు వారిదని, చేసేవాళ్లు ఇంకా కుదరలేదని మాత్రం భోజనాల దగ్గర అనేసి ఊరుకో. గొడుగు ఎక్కడుందో మీ అమ్మనడుగు, అటక మీద ఉండాలి. ఆయన దిగకపోతే ఇంకెవరినైనా చూసుకో, కానీ ఆ స్థానం మాత్రం మొదటిదే.

రిహార్సల్ ఆదివారం పెట్టు. శనివారం నాకు మోకాలికి ఫిజియోథెరపీ. తబలాలు బస్సులో మీ షోలింగనల్లూరు దాకా మోసుకురాలేను, కారు పంపించు. కాఫీలో చక్కెర వద్దని మీ అమ్మకు ముందే చెప్పు, పోయినసారి వేసేసింది.

మీ బాబాయి