డాక్టర్ సలహా: అబ్లేషన్ తర్వాత దగ్గు, తెమడలో రక్తం.. టీబీయేనా?

ప్రశ్న: నాన్నగారికి 57 ఏళ్లు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) ఉందని, దాన్ని సరిచేయడానికి ఆరు నెలల క్రితం అబ్లేషన్ చేశారు. దడ తగ్గింది. కానీ రెండు నెలలుగా దగ్గు, ఆయాసం, తెమడలో రక్తపు చారలు. మెడికల్ షాపు మందులు వాడినా తగ్గలేదు. ఎక్స్‌రే చూసి టీబీ కావచ్చని మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు సీటీలో ఎడమవైపు రెండు పల్మనరీ వెయిన్స్ (ఊపిరితిత్తుల సిరలు) బాగా సన్నబడ్డాయని వచ్చింది. రక్తం పడుతోందని రక్తం పలచబరిచే మాత్ర మేమే ఆపేశాం. స్టెంట్ వేసినా మళ్లీ మూసుకుపోతుందంటున్నారు. మందులతో తగ్గే దారి ఉందా?
- ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్టెంట్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర. దాన్ని మీ అంతట మీరు ఆపడం తప్పండీ. దడ తగ్గినంత మాత్రాన పక్షవాతం ముప్పు పోయినట్టు కాదు, పైగా సన్నబడిన సిరలో రక్తం నెమ్మదిగా పారుతుంది కాబట్టి గడ్డ కట్టే అవకాశం కూడా ఉంటుంది. అలాగని నేను చెప్పానని ఇవాళే మళ్లీ వేసేయకండి. తెమడలో ఎంత రక్తం పడుతోంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నవి చూసి మీ కార్డియాలజిస్టే చెప్పాలి, ఈరోజే ఫోన్ చేయండి. చారలు కాకుండా రక్తమే పడుతుంటే ఫోన్లు కూడా వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

రెండోది టీబీ మందులు. తెమడలో టీబీ క్రిమి ఉందో లేదో చూసే సీబీనాట్ పరీక్ష చేశారా? మీ లేఖలో ఆ మాటే లేదు. టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ రక్తం పలచబరిచే చాలా మందుల పనిని బాగా తగ్గించేస్తుంది, అంటే మాత్ర వేసుకుంటున్నా ఫలితం లేకుండా పోవచ్చు. నిజంగా టీబీ అయితే మధ్యలో ఆపడమూ ప్రమాదమే, కాబట్టి ఇదీ మీరు ఆపకండి, ఛాతీ డాక్టరుకు సీటీ రిపోర్టు చూపించి తేల్చుకోండి.

ఇక అసలు జబ్బు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే ఈ సిరల చుట్టూ అబ్లేషన్‌లో వేడితోనో చలితోనో చిన్న మచ్చలు వేస్తారు. కొందరిలో ఆ మచ్చ సిరలోకి పాకి దాన్ని బిగించేస్తుంది. తూము మూసుకుంటే చెరువు నిండినట్టు రక్తం ఊపిరితిత్తిలోనే నిలిచిపోతుంది. దగ్గు, ఆయాసం, తెమడలో రక్తం, ఎక్స్‌రేలో నీడ అన్నీ అందుకే. 1990ల చివర్లో, తొలిరోజుల్లో సిర లోపలికే వెళ్లి కాల్చేవారు కాబట్టి ఈ ఇబ్బంది ఎక్కువగా ఉండేది. ఇప్పుడు సిర మొదట్లోనే, బయటివైపు చేస్తున్నారు, చికిత్స అవసరమయ్యేంత తీవ్రంగా రావడం నూటికి ఒకరి కంటే తక్కువే. సిరలు చిన్నవైనా, అబ్లేషన్ మళ్లీ మళ్లీ చేసినా ముప్పు పెరుగుతుంది.

నాకు బాధ కలిగించేది ఆ రెండు నెలలు. లక్షణాలు చాలామందిలో అబ్లేషన్ అయిన కొన్ని నెలలకు బయటపడతాయి. అప్పటికి ఇంట్లోవాళ్లు ఆ ప్రొసీజర్‌నే మర్చిపోతారు, దగ్గు కదా అని షాపులో యాంటీబయాటిక్, సిరప్, తర్వాత ఛాతీ డాక్టరు, ఆయనకు అబ్లేషన్ సంగతి ఎవరూ చెప్పరు. మన దగ్గర దగ్గుతో రక్తం పడితే ఎవరైనా ముందు టీబీనే అనుకుంటారు, వాళ్లనూ తప్పుపట్టలేం. డిశ్చార్జ్ సమ్మరీ బీరువాలో దాచుకోవడానికి కాదమ్మా, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా అది చేతిలో ఉండాలి. ఎందుకింతగా చెబుతున్నానంటే, సన్నబడిన సిరను తెరవవచ్చు, పూర్తిగా మూసుకుపోయాక తెరవడం చాలా కష్టం, ఒక్కోసారి కుదరదు కూడా. ఒకే వైపు రెండూ మూసుకుపోతే ఆ ఊపిరితిత్తి పనే దెబ్బతింటుంది.

మీ ప్రశ్నకు వస్తే, ఆ మచ్చను కరిగించే మందు లేదు. మళ్లీ మూసుకుపోతుందన్న మాటలో నిజం ఉంది. బెలూన్‌తో మాత్రమే వెడల్పు చేస్తే దాదాపు సగం సిరలు మళ్లీ సన్నబడుతున్నాయి, స్టెంట్ వేస్తే అది గణనీయంగా తక్కువ. సిర పెద్దదై, 8-10 మిల్లీమీటర్ల స్టెంట్ పట్టేటట్టుంటే ఫలితం ఇంకా మెరుగు. సిర చిరగడం, గుండె చుట్టూ రక్తం చేరడం, పక్షవాతం లాంటి ముప్పులు కొద్దిమందిలో ఉంటాయి. అయినా తీవ్రంగా సన్నబడి, ఇన్ని లక్షణాలున్నప్పుడు మళ్లీ మూసుకుపోతుందేమోనని ఆగడం కంటే చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. సీటీ ఫిల్ములు చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పలేను.

చేసిన తర్వాత ఆయాసం లేదు కదా అని ఊరుకోవద్దు. మళ్లీ సన్నబడటం చడీచప్పుడు లేకుండా జరగొచ్చు, కాబట్టి మొదటి ఏడాదిలో డాక్టరు చెప్పినప్పుడల్లా సీటీ చేయించాలి. మామూలు ఎకో బాగుందంటే సరిపోదు, అందులో ఈ సిరలు సరిగా కనబడవు.

ఈ వారంలోనే అబ్లేషన్ చేసిన డాక్టరును కలవండి. ఈ సిరలకు స్టెంట్లు వేసిన అనుభవం ఉందా, గుండె సర్జన్లు అక్కడే అందుబాటులో ఉంటారా అని మొహమాటం లేకుండా అడగండి. లేదంటే, ఉన్న చోటికి రాసివ్వమనండి. సీటీ సీడీ, డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న మందులన్నీ, టీబీవి సహా, వెంట తీసుకెళ్లండి.