పట్టుకుంటే కదల్లేడు, అంతే!

చిన్నోడా,

సంక్రాంతికి ఫ్రెండ్స్‌ని మన పాలకొల్లు ఇంటి డాబా మీద కూర్చోబెట్టి డంజన్స్ అండ్ డ్రాగన్స్, అదే పాత్రల్లో దూరి పాచికలేసి కథ నడిపే ఆట, ఆడిస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి ఫైటే నర్సాపురం–సఖినేటిపల్లి రేవు దాటించే పంటు మీదట! మురిసిపోయాను, వెంటనే టెన్షనూ పట్టుకుంది. పంటు మీద ఫైటంటే ఎవడో ఒకడు ఇంకొకణ్ణి ఒడిసిపట్టి వశిష్ఠ గోదావరిలోకి తోసేస్తానంటాడు.

పాచికలూ పెన్సిళ్లూ నీకు చెప్పక్కర్లేదు. నీ దగ్గరున్నది 2014 రూల్స్ పుస్తకం, 2024లో మార్చిన పద్ధతి అందులో కలపకు. పట్టడమంటే ఒక దెబ్బకి బదులు చేసే పని. ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి, అవతలివాడు ఒక సైజుకి మించి పెద్దవాడు కాకూడదు. పట్టేవాడు అథ్లెటిక్స్ అనే నైపుణ్యానికి పాచిక వేస్తాడు. రెండోవాడు అథ్లెటిక్సో అక్రోబాటిక్సో, బలంగా విదిలించుకుంటాడో కొరమీనులా జారిపోతాడో, వాడిష్టం. పట్టు చిక్కితే వాడి వేగం సున్నా. అంతే.

ఆ ‘అంతే’ దగ్గరే నా భయమంతా. హైదరాబాద్‌లో మాకు ఆడించినతను 2003 పుస్తకంతో నేర్చుకున్నవాడు. ఆ రూల్స్‌లో పట్టుబడితే చేతులు తిప్పాల్సిన మంత్రాలు కుదరవు, మిగిలినవీ గండమే. 2014 పుస్తకం కొన్నా అతని బుర్రలో పాతదే. మాలో ఒకమ్మాయిది విజార్డ్, అంటే మంత్రాలేసే పాత్ర. ఓగర్ అనే రాక్షసి వచ్చి పట్టుకుంది. “మిస్టీ స్టెప్ మంత్రం వేస్తా” అందా పిల్ల. నోటితో అంటే చాలు, ముప్ఫై అడుగుల అవతల తేలొచ్చు, పట్టు దానంతటదే పోతుంది. “పట్టుకుందిగా, కుదరదు” అన్నాడు. పోనీ కర్రతో కొడతానంది. అదీ కుదరదట! వంతు వచ్చిన ప్రతిసారీ విడిపించుకోడానికి పాచిక వెయ్యడం, ఓడిపోవడం. కాసేపటికి క్యారెక్టర్ షీట్ అంచున చుక్కలు పెట్టి ముగ్గేసుకుంటూ కూర్చుంది. మళ్లీ ఆటకి రాలేదు.

ఇప్పటికీ ఒళ్లు మండుతుంది నాకు. నీ ఆటలో ఎవరినైనా అలా కూర్చోబెట్టావో, వచ్చి చెవి మెలేస్తా. కబడ్డీలో పట్టుకుంటే బావురుమనేవాడివి, పట్టుబడ్డవాడి బాధ నీకు చెప్పాలా నాన్నా? వాడు కొట్టొచ్చు, మంత్రమూ వెయ్యొచ్చు. వల పడితే వచ్చే ‘రిస్ట్రెయిన్డ్’, అంటే చిక్కుకుపోయిన స్థితి, వేరు. అప్పుడు వాణ్ణి కొట్టేవాళ్లు రెండు పాచికలేసి పెద్దది తీసుకుంటారు, వాడు కొడితే చిన్నది. అప్పుడు కూడా మంత్రాలు ఆగవు.

పట్టినవాణ్ణి ఈడ్చుకెళ్తే వేగం సగం. ముప్ఫై అడుగులు నడిచేవాడు పదిహేనే వెళ్తాడు. పట్టి, పైగా కింద పడేస్తే ఇక లేవలేడు, లేవడానికీ వేగం కావాలి కదా. ఇది నువ్వు చెప్పకు, వాళ్లనే కనిపెట్టనీ. పంటు అంచుకి రెయిలింగ్ ఉందో లేదో మాత్రం మ్యాప్ గీసేటప్పుడే చెప్పెయ్, లేకపోతే ఫైట్ కన్నా పెద్ద తగువవుతుంది.

మీ మామయ్యకిచ్చి నా పాచికల సంచి పంపిస్తున్నా. నీలం రంగు ఇరవై ముఖాలది నాకు తిరిగి కావాలి.

అత్త