బ్లాక్‌లిస్టు మాటే ఆఖరి మాట కాదమ్మా

హైదరాబాద్

చిరంజీవి లలితకు బాబాయి ఆశీస్సులు.

కాలేజీ మెయిల్ సర్వర్ నీ చేతికొచ్చిందని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ "నాలుగు బ్లాక్‌లిస్టులు పెట్టేశాను, స్పామ్ ఆగిపోయింది బాబాయ్" అని నువ్వు అన్నప్పటి నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. స్పామ్ పంపే సర్వర్ల అడ్రసులని ఎవరో తయారుచేసిన జాబితాలే కదా అవి, అందులో ఉన్న అడ్రసు నుంచి వచ్చే మెయిల్‌ని మన సర్వర్ తీసుకోదు.

బాలానగర్ ఫ్యాక్టరీలో నేనూ అదే చేశాను. పాత ఖాతాదారు నుంచి ఆర్డర్ రావాల్సిన రోజు పదకొండు దాటినా రాలేదు. లాగ్ తెరిస్తే ఆయన సర్వర్ పక్కన 554, అంటే మెయిల్ తిప్పి పంపామని, కింద మళ్లీ 554. ఆయన తప్పేమీ లేదు. అదే నెట్‌వర్క్‌లో ఇంకెవరో స్పామ్ పంపితే, జాబితావాళ్లు చుట్టుపక్కల అడ్రసులన్నీ కలిపి ఎక్కించేశారు. "మా మెయిల్ మీకు అక్కర్లేదా అండీ?" అని ఆయన ఫోన్‌లో అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది.

జాబితాలు మూతపడతాయి కూడా. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 చివర్లో ఆగిపోయింది. చాలామంది కాన్ఫిగ్‌లోంచి తీయలేదు. 2008 మార్చిలో అది ఏ అడ్రసు అడిగినా "ఉంది" అనడం మొదలుపెట్టింది, వాళ్లకు వచ్చే మెయిలంతా తిరిగి వెళ్లిపోయింది. 2021 జనవరి చివర స్పామ్‌కాప్ జాబితా డొమైన్ గడువు తీరినప్పుడూ ఇలాంటి గొడవే. సార్బ్స్ జాబితాను 2024లో మూసేశారు, నీ దగ్గరుంటే ఇవాళే తీసెయ్.

రోజూ ఒక చిన్న పరీక్ష పెట్టు. ఈ రెండు పరీక్ష అడ్రసులు అడిగితే బతికున్న జాబితా 127.0.0.2 ఉందనాలి, 127.0.0.1 లేదనాలి. రెండోదీ ఉందంటే వెంటనే ఆపెయ్. జాబితా ఇచ్చే జవాబు కూడా అడ్రసు రూపంలోనే వస్తుంది. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌లో జాబితా పేరు పక్కన ఏ జవాబులు లెక్కలోకి తీసుకోవాలో రాయొచ్చు. స్పామ్‌హాస్ వాళ్ల జెన్ జాబితాకైతే 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు చాలు. దాన్ని గూగుల్ అందరికీ ఇచ్చే డీఎన్‌ఎస్ సర్వర్ 8.8.8.8 ద్వారా మాత్రం అడగకు. 127.255.255.254 వస్తే నువ్వు అడిగే దారి తప్పని అర్థం, పంపినవాడు స్పామరని కాదు. అన్‌బౌండ్ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత రిజాల్వర్, అంటే ఈ ప్రశ్నలు అడిగి జవాబు తెచ్చే సర్వర్, పెట్టుకో.

మీ లెక్చరర్లు ఇంటినుంచి 587 పోర్టులో లాగిన్ అయి పంపే మెయిల్‌కి ఈ తనిఖీ వద్దు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ అడ్రసులు జెన్‌లో భాగమైన పీబీఎల్‌లో, అంటే నేరుగా మెయిల్ పంపకూడని అడ్రసుల జాబితాలో, ఉండటం మామూలే.

బాగా నమ్మకం కుదిరిన ఒక్క జాబితాకే తిప్పి పంపే అధికారం ఇవ్వు. మిగతావి స్పామ్‌అసాసిన్ అనే వడపోత సాఫ్ట్‌వేర్‌లో స్పామ్ మార్కులు వేస్తే చాలు. ఆ ఒక్కదాన్నీ ముందు రెండు వారాలు మెయిల్ ఆపకుండా లాగ్‌లో మాత్రం రాసే హెచ్చరిక మోడ్‌లో నడిపి, ఎవరెవరు ఆగేవారో చూడు. ఆపితే ఎదుటివాళ్లకి కారణం తెలిసేలా ఆపు, చప్పుడు లేకుండా మింగేయకు. అడ్మిషన్ కోసం రాసిన పిల్లాడు జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

ఆదివారం వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. వారం లాగ్ కలిసి చూద్దాం.

మీ బాబాయి