లక్షమంది మధ్య ఒక రాత్రి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి 2025 జనవరి 26న బ్రిటన్‌కు చెందిన రాక్ బృందం కోల్డ్‌ప్లే కచేరీ వినడానికి స్నేహితురాళ్ళతో కలిసి అహ్మదాబాద్ వెళ్ళింది. అదే కచేరీని మేం ఇంట్లో కూర్చుని డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ప్రత్యక్ష ప్రసారంగా చూశాం. గాయకుడి ముఖం మాకు స్పష్టంగా కనిపించింది, ప్రతి మాటా వినిపించింది. తనకేమో వేదిక బొటనవేలంత కనిపించిందట. అయినా అంతటి రాత్రి మళ్ళీ రాదని అంటోంది. నేను చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం వింటున్నాను, తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధనకూ వెళ్ళాను. పాట వినడానికని అంత దూరం వెళ్ళి, సరిగా వినపడని చోట నిలబడటంలో ఆనందం ఏముంటుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్వరాన్ని స్వరంగా వినడమే ముఖ్యమనుకుంటే మీ ఇంటి హాలే మేలు, అందులో సందేహం లేదు. మీ అమ్మాయి వెళ్ళిన, మోతేరాలోని నరేంద్ర మోదీ స్టేడియం 1,32,000 మంది పట్టే క్రికెట్ మైదానమే తప్ప సంగీతం కోసం కట్టిన సభాభవనం కాదు. అంతటి మైదానంలో వేదిక ఒక కొసన ఉంటే, ఎదుటి కొసన కూర్చున్నవారికి అది దాదాపు 200 మీటర్ల దూరంలో ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది కనుక, డ్రమ్ము మీద పడిన దెబ్బ గాలిలో వారి చెవిని చేరేసరికి అర సెకను దాటిపోతుంది. పెద్ద తెర మీద చెయ్యి ముందు పడుతుంది, చప్పుడు తరవాత వినిపిస్తుంది. వేదిక దగ్గరి స్పీకర్ల ధ్వని అంత దూరం వెళ్ళేసరికి పలచబడుతుంది కాబట్టి ఇలాంటి కచేరీలలో మైదానం మధ్య స్తంభాలు నిలిపి, వాటికి మరికొన్ని స్పీకర్లు కడతారు. వేదిక నుంచి వచ్చే ధ్వనితో వాటి ధ్వని కలిసేలా, ప్రతి 34 మీటర్లకు సెకనులో పదో వంతు చొప్పున లెక్కగట్టి ఆలస్యంగా వదులుతారు. గాలి వేడిని బట్టి శబ్దవేగం మారుతుంది గనుక సాయంత్రం సరిచూసిన లెక్కను రాత్రి చల్లబడ్డాక మళ్ళీ సవరించుకోవలసి వస్తుంది. మీ అమ్మాయి విన్న పాట వెనక ఇంత శ్రద్ధ ఉంటుందని తెలిస్తే, సరిగా వినపడని చోటన్న మాటను మీరు కొంత సడలిస్తారని నా నమ్మకం.

ఈ ఏర్పాట్లేవీ లేని రోజుల్లోనూ జనం వెళ్ళారు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బీటిల్స్ బృందం పాడినప్పుడు దాదాపు 55,600 మంది వచ్చారు. ఆటల ప్రకటనల కోసం పెట్టిన మైదానపు లౌడ్‌స్పీకర్లలోనే ఆ పాటలు వినిపించారు. అభిమానుల కేకల్లో తాము ఏం వాయిస్తున్నదీ ఆ నలుగురికే వినపడలేదు. కచేరీ సాగింది అరగంటే. మరుసటి ఏడాది ఆగస్టు తరవాత వారు కచేరీ యాత్రలే మానేశారు. వచ్చినవారు మాత్రం ఆ అరగంటను జీవితమంతా చెప్పుకున్నారు. కాబట్టి వారిని అక్కడికి లాగింది చెవి ఒక్కటే కాదని ఒప్పుకోవాలి.

ఆ లాగే శక్తి ఏమిటో రాక్ సంగీతకారులు త్వరలోనే గుర్తించారు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌లో బింగ్లీ హాలులో క్వీన్ బృందం ఒక రాత్రి కచేరీ ముగించి లోపలికి వెళ్ళాక, శ్రోతలు కదలకుండా నిలబడి, ఫుట్‌బాల్ అభిమానులు పాడుకునే పాటను వారికోసం పాడారు. ఒకరినొకరు ఒత్తుకుని నిలబడిన జనం ఏం చేయగలరని గిటారిస్టు బ్రయాన్ మే ఆలోచించాడు. కాళ్ళు తొక్కగలరు, చప్పట్లు కొట్టగలరు, పాడగలరు. 1977లో వచ్చిన వారి ప్రసిద్ధ గీతం ‘వి విల్ రాక్ యూ’ రెండు కాలి దెబ్బలు, ఒక చప్పట్టు అన్న లయ మీద నడవడానికి మూలం అదే. రికార్డింగులో డ్రమ్ములు లేవు. చెక్కపలకల మీద తొక్కిన చప్పుళ్ళనే పలుమార్లు రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పెద్ద జనసమూహం చేసిన ధ్వనిలా మలిచారు. తరవాత, 2007లో, ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్న మనిషి చేసిన పని అది. శ్రోతలను కూడా వాద్యంగా లెక్కించి కట్టిన పాట కనుక, అందులోని ఒక భాగం ఇంట్లో వినేవారికి ఎప్పటికీ దొరకదు.

అహ్మదాబాద్‌లో ఆ భాగం చేతికి కట్టుకున్న పట్టీ రూపంలో కూడా ఉంది. లోపలికి వచ్చేటప్పుడు ఇచ్చే ఆ పట్టీలు కంటికి కనిపించని పరారుణ సంకేతాలతో పాటకు తగ్గట్టు వెలుగుతాయి, రంగు మారుతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు వాటిని ఇచ్చేయాలి. వేదిక బొటనవేలంత కనిపించే పై అంతస్తు నుంచే ఆ వెలుగుల మైదానమంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ముందు వరుసలో నిలబడినవారికి ఆ భాగ్యం లేదు. గణతంత్ర దినమని గాయకుడు క్రిస్ మార్టిన్ వందేమాతరం అందుకున్నప్పుడు మీరు విన్నది ప్రసారం చేసినవారు పాళ్ళు చూసి కలిపిన ధ్వని. మీ అమ్మాయి విన్నది తన ఎడమ పక్క, కుడి పక్క, వెనక నుంచి, ఒక్కొక్క దిక్కు నుంచి కాస్త ముందూ వెనకగా వచ్చిన గొంతులు. అంత పెద్ద చోట చప్పట్లు ఏకకాలంలో పడవు. వేదిక దగ్గర మొదలై వెనక్కి పాకి, తిరిగి వచ్చేసరికి సెకనుకు పైగా గడుస్తుంది. దాన్ని వింటూ వాయిస్తే తాళం తప్పుతుంది కనుక, వాద్యకారులు చెవిలో పెట్టుకునే చిన్న స్పీకర్లలో తమ సంగీతాన్ని విడిగా వింటారు.

తిరువయ్యారులో నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడుతున్నప్పుడు మీ పక్కన కూర్చున్న విద్వాంసుడి గమకం మీకు విడిగా వినిపించిందా? వినిపించలేదని మీరు లేచి రాలేదు కదా. ఆ ఆరాధన జరిగిన జనవరి నెలలోనే మీ అమ్మాయి అహ్మదాబాద్‌లో లక్షమందితో గొంతు కలిపింది. సాహిత్యం వేరు, సాధన వేరు, దైవభావం వేరు. ఆ తేడాలు నేను తక్కువ చేయను. గొంతు కలిపినవారికి కలిగే తృప్తి విషయంలో మాత్రం మీరిద్దరూ ఒకే వైపు ఉన్నారు. ఈసారి ఆమె వచ్చినప్పుడు కూర్చోబెట్టుకుని అడగండి, పాటల పేర్లతో సహా చెబుతుంది.

ప్రశ్న: రాక్ కచేరీకి వెళ్ళి వచ్చాక మా తమ్ముడికి మర్నాడు సాయంత్రం దాకా చెవుల్లో గుయ్‌మని మోత. అది దానంతటదే తగ్గింది. మళ్ళీ వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వెళ్ళవచ్చు, కానీ చెవులను ఆ రాత్రికి వదిలేయకూడదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చని, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆ ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంటే. కచేరీ స్థలాల్లో పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. రాక్ కచేరీ రెండు గంటలు సాగుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు. మోత తగ్గినంత మాత్రాన నష్టం జరగలేదని అనుకోవడానికి లేదు. మందుల దుకాణంలో దొరికే స్పాంజి బిరడాలు పనిచేస్తాయి కానీ సన్నని స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి. సంగీతకారులు వాడే వడపోత బిరడాలు అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి కనుక పాట పాటలాగే వినిపిస్తుంది. స్పీకర్ల గుట్ట ఎదుట నిలబడవద్దు. మోత రెండు రోజులైనా తగ్గకపోయినా, ఒక చెవి హఠాత్తుగా మందగించినా, అదే రోజు చెవి, ముక్కు, గొంతు వైద్యుడిని కలవాలి. అలాంటి వినికిడి లోపానికి చికిత్స ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

ప్రశ్న: నిలబడే టికెట్టు కొనమంటారా, సీటా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మొదటిసారి అయితే సీటు కొనండి. నిలబడే చోటులో గాయకుడికి దగ్గరగా ఉండే ఆనందం నిజమే, అయితే దానికోసం గంటల తరబడి ముందే వెళ్ళి, నీళ్ళకూ మరుగుదొడ్డికీ కదలకుండా చోటు కాపాడుకోవాలి. ప్రమాదం కచేరీ మధ్యలోనే వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ ద్వారాల దగ్గర కూడా అంతే జాగ్రత్త కావాలి. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో, ద హూ బృందం కచేరీకి సీటు కేటాయింపు లేని టికెట్లతో వచ్చిన జనం, తెరిచిన కొద్ది తలుపుల దగ్గర ఒత్తుకుని 11 మంది మరణించారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం ద్వారాల దగ్గర, క్రికెట్ విజయోత్సవానికి వచ్చిన జనంలో కూడా 11 మంది ప్రాణాలు కోల్పోయారు. అందుకే ద్వారం తెరిచిన తొలి నిమిషంలో పరుగు తీయకండి. నిలబడే చోటే కావాలనుకుంటే లోపలికి వెళ్ళగానే బయటికి దారులు ఎటున్నాయో చూసుకుని, అంచున నిలబడండి. మీ చెయ్యి మీరు ముఖం దాకా ఎత్తుకోలేనంత ఒత్తిడి వచ్చిందంటే ఎంత ఇష్టమైన పాట సాగుతున్నా వెనక్కి తప్పుకోండి. కదల్లేకపోతే ముంజేతులు గుండె ముందు అడ్డం పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోండి, తోపుకు ఎదురు నెట్టకండి, ఒక తోపుకూ మరో తోపుకూ మధ్య ఏటవాలుగా పక్కకు జరగండి. ఫోను కింద పడితే వంగకండి. పక్కనున్న మనిషి పడితే మాత్రం నలుగురూ కలిసి వెంటనే లేపండి.