ఎడారి దారిలో సొంత కారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో నలుగురం మా కారులో జైసల్మేర్ పోయి, అక్కడి నుంచి పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్ దాకా వెళ్లి రావాలనుకుంటున్నాం. మాది మామూలు పెట్రోలు కారు. డిక్కీలో ఏమేం పెట్టుకోవాలి? నలభై వస్తువుల జాబితాలు చూసి తల తిరుగుతోంది.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ నలభైలో సగం కొట్టేయండి. ముందు నీళ్లు, తర్వాత టైర్లలో గాలి. మిగతావన్నీ వీటి వెనకే.

మనిషికి రోజుకు ఐదు లీటర్ల లెక్కన నలుగురికి 20 లీటర్లు. ఇవి దారిలో తాగేవి కావు, బండి ఆగిపోయిన రోజు కోసం ముట్టకుండా ఉంచేవి. 20 లీటర్ల క్యాను ఒక్కటే పెట్టుకుంటే మూత వదులైన రోజున మొత్తం పోతుంది. ఐదు లీటర్లవి నాలుగు కొని, రెండు డిక్కీలో, రెండు వెనక సీటు కాళ్ల దగ్గర పెట్టండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్లు ఆరు. ఒక్కోటి పూర్తిగా లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్టు కలిపి తాగితే మేలు కన్నా కీడే ఎక్కువ.

గాలికి 12 వోల్టుల కంప్రెసరు, విడిగా ఒక ప్రెషర్ గేజు. కొన్న కంప్రెసరును పెట్టెలోనే ఉంచి బయల్దేరకండి. ఇంటి దగ్గర ఒక టైరును 20 పీఎస్ఐకి (గేజు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) దించి, ఇంజను నడుస్తుండగా మళ్లీ 33కి ఎక్కించి చూడండి. వైరు వెనక చక్రం దాకా అందుతుందా, సాకెట్టు ఫ్యూజు తట్టుకుంటుందా అన్నది అప్పుడే తేలుతుంది. పెద్ద కంప్రెసరైతే సాకెట్టుకు కాదు, క్లిప్పులతో నేరుగా బ్యాటరీకే పెట్టాలి. కారు ఫ్యూజులు రకానికి రెండు చొప్పున వెంట ఉంచుకోండి.

స్టెప్నీలో గాలి చూడటం చాలామంది మరిచే పని. జాకీ ఇసుకలో దిగిపోతుంది కాబట్టి దాని కింద వేయడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్ చెక్క కావాలి. పొట్టి పిడి పార ఒకటి, గోనె సంచులు నాలుగు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, తలకు పెట్టుకునే టార్చి, ప్రథమ చికిత్స పెట్టె, బండి ఆగిందని వెనక వచ్చేవాళ్లకు చూపే ఎర్ర త్రికోణం. పంక్చర్ కిట్ టైరు నేలకు ఆనే భాగానికే పనికొస్తుంది. పక్క గోడ చిరిగితే స్టెప్నీ తప్ప దారి లేదు.

ఎడారి అంటే ఎండే అనుకుంటాం గానీ, డిసెంబరు రాత్రి అక్కడ 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. హీటరు కోసం రాత్రంతా ఇంజను నడిపితే పెట్రోలు అయిపోతుంది. పైగా సైలెన్సరు గొట్టం చుట్టూ ఇసుక చేరితే విషవాయువు లోపలికి వస్తుంది. మన పాలమూరు గొంగడి రెండు పెట్టుకోండి, ఇంకో పనికీ వస్తాయి, కింద చెప్తాం. జైసల్మేర్ నుంచి తనోట్ సుమారు 120 కిలోమీటర్లు. జైసల్మేర్‌లోనే ట్యాంకు నింపి, మ్యాపు ఫోనులోకి దించుకుని కదలండి. సరిహద్దు వైపు సిగ్నల్‌ను నమ్ముకోలేం.

ప్రశ్న: ఇసుకలో పోయేటప్పుడు టైర్ల గాలి తీయాలని మా బావ అంటున్నాడు. ఎంత తీయాలి? మా దుందుభి వాగులో దిగబడ్డ బండ్లను చూసినం, అక్కడా అంతేనా?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: మీ బావగారి మాట నిజమే. గాలి తగ్గితే టైరు అడుగు పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పడి చక్రం దిగదు. 32, 33 ఉండే టైరును 18కి తెండి. 15 కన్నా దించొద్దు. అంతకన్నా తగ్గితే మలుపు తిప్పగానే టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది, ట్యూబ్‌లెస్‌లో ఉన్న గాలి ఒక్కసారిగా పోతుంది. నాలుగు టైర్లూ సమానంగా తీయాలి, వేగం 20 దాటకూడదు, స్టీరింగు ఒక్కసారిగా కొట్టకూడదు.

వాగు ఇసుక వేరు. దాని కింద తడి ఉంటుంది, గింజ గరుకు. థార్ ఇసుక గాలికి దొర్లి దొర్లి నున్నబడింది, పొడిగా జారిపోతుంది. మంచు పడిన తెల్లవారుజామున కాస్త గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి పిండిలా అవుతుంది.

చక్రం ఒక్కచోటే తిరుగుతోందని తెలియగానే రేసు వదిలేయండి. ఇంకో పది సెకన్లు తొక్కితే బండి కడుపు ఇసుక మీద కూర్చుంటుంది, అప్పుడు పార పని గంటలకు పెరుగుతుంది. అందరూ దిగండి. వచ్చిన జాడలో ఇసుక ఇప్పటికే అణిగి ఉంటుంది, అందుకని వెనక్కి రావడమే సులువు. చక్రాల వెనక ఇసుకను ఏటవాలుగా తీసి, బండి కింద తగులుతున్నదీ లాగేసి, ఇంజను తిప్పే చక్రాల వెనక గోనె సంచులు తొక్కించండి. మామూలు కార్లలో ఎక్కువగా అవి ముందు చక్రాలే. ట్రాక్షన్ కంట్రోల్ మీట ఉంటే ఆపేయండి, లేకపోతే చక్రం జారగానే అది ఇంజను బలాన్ని తగ్గిస్తుంది. చక్రాలకు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, సంచి ఎగిరి తగులుతుంది.

వేరే బండితో లాగించాల్సి వస్తే టూల్ కిట్‌లోని టో హుక్కును పూర్తిగా బిగించాకే లాగే పట్టా తగిలించండి. కొన్ని కార్లలో దాని మర ఎడమకు తిరుగుతుంది, ఇంటి దగ్గరే బిగించి చూసుకోవాలి. యాక్సిల్‌కు, సస్పెన్షన్ కడ్డీలకు కట్టొద్దు, ఇనుప గొలుసు అసలే వద్దు. పట్టా మధ్యలో గొంగడి వేయండి, తెగితే ఆ బరువుకు కిందపడుతుంది. మనుషులు పట్టా పొడవు కన్నా దూరంగా ఉండాలి.

తారు రోడ్డు ఎక్కగానే గాలి నింపాలి. 18తో 80 వేగంలో పోతే టైరు లోపల కాలిపోయి పగులుతుంది. ఇంకో మాట: దిబ్బల మీదకు పోకపోయినా దిగబడొచ్చు. ఎదురొచ్చే లారీకి దారి ఇవ్వబోయి సన్న రోడ్డు అంచు దిగితే అక్కడ ఉండేదీ ఇసుకే.

ప్రశ్న: ఎడారిలో రేడియేటరు వేడెక్కితే బోరు నీళ్లు పోయొచ్చా? అక్కడి నీళ్లలో పటిక వేసి తాగొచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: రెండూ వద్దు. గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే పొర మీకు చెప్పనక్కర్లేదు, అదే రేడియేటరు సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరుతో సగానికి సగం కలిపిన కూలెంటు రెండు లీటర్లు వెంట ఉంచుకోండి. అది అయిపోతే తాగే ఆర్‌ఓ నీళ్లు పోసి, ఊరు చేరాక మార్పించండి.

ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి పక్కకు తీయండి. ఆవిరి కనిపిస్తే వెంటనే ఇంజను ఆపాలి. ముప్పావు గంట దాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. తర్వాత కూడా మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి.

పటిక బురదను అడుగుకు దించుతుంది, ఉప్పును తీయలేదు. రాజస్థాన్ బోరు నీళ్లలోనూ చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. దాన్ని తీయడానికి మీ జిల్లా పేరుతోనే ఉన్న నల్గొండ పద్ధతిలో సున్నం, పటిక కొలతగా వేసి, కలిపి, గంటల తరబడి తేరనివ్వాలి. కారులో అది కుదరదు.

ప్రశ్న: దుబాయిలో ఉండే మా తమ్ముడు జంప్ స్టార్టర్, శాటిలైట్ ఫోను పంపిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: చచ్చిన బ్యాటరీతో ఆగిన బండిని స్టార్టు చేసే జంప్ స్టార్టర్ తీసుకోండి. అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి డ్యాష్‌బోర్డు మీద, వెనక అద్దం దగ్గర పెట్టొద్దు. సీటు కింద నీడలో ఉంచి, బండి ఎండలో ఆపి దిగితే వెంట తీసుకుపోండి. అది లేకపోయినా ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవడానికి మందపాటి రాగి కేబుళ్లు చాలు. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత బాగున్నదాని ప్లస్‌కు. నల్లది బాగున్నదాని మైనస్‌కు, రెండో కొస ఆగిన బండి ఇంజను ఇనుముకు. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవకుండా ఉండటానికే ఆఖరిది దూరంగా పెట్టడం.

శాటిలైట్ ఫోను మాత్రం వద్దనండి. మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడమే నేరం, అందులోనూ మీరు పోయేది సరిహద్దు దగ్గరికి. ఏ దారిలో పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో హోటల్లో రాసిచ్చి కదలండి. ఆపదలో 112కు ఫోను చేయండి.

ప్రశ్న: అదనంగా ఐదు లీటర్ల పెట్రోలు క్యానులో తీసుకుపోవచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వద్దు. ఎండలో మూసిన కారులో ఆ ఆవిరికి ఒక్క రవ్వ చాలు. తనోట్ పోయి రావడానికి నిండు ట్యాంకు సరిపోతుంది.